అయిపోయింది... ఇంక కొంచెమే ఉంది

పొద్దున్న పదిన్నరకి మా టీం స్టాండప్ మీటింగు. ఒక్కొక్కళ్ళూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చెయ్యబోతున్నారో, మధ్యలో ఏమైనా అడ్డం పడిందో చెప్పాలి. నా వంతు వస్తుంది. "ఆ రిపోర్టు పని అయిపోయిందా?" అని అడుగుతారు. నేను ఏమాత్రం తడుముకోకుండా "ఆఁ, అయిపోయింది... ఇంక కొంచెమే ఉంది" అంటాను. ఎవరూ నవ్వరు. అయిపోయినదాంట్లో ఇంక కొంచెం ఎలా మిగిలిందని ఎవరూ అడగరు. ఎందుకంటే తర్వాత వంతు వాళ్ళది, వాళ్ళు చెప్పబోయేదీ అదే మాట.

ఇరవయ్యేళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ మాట ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు. అందులో ఒక్కసారి మాత్రం దాని ఖరీదు నేను కాకుండా వేరే మనిషి కట్టాల్సొచ్చింది. ఆ సంగతి చెబ్దామనే ఇదంతా. కానీ దానికి ముందు కొంచెం ఉపోద్ఘాతం తప్పదు, ఓపిక పట్టండి.

అసలు మన తెలుగులో పని పూర్తవడానికి ఎన్ని మెట్లున్నాయో ఎప్పుడైనా గమనించారా? "అవుతోంది" అంటే ఇంకా మొదలుపెట్టలేదని. "అయిపోవచ్చింది" అంటే మొదలుపెట్టాడని. "అయినట్టే" అంటే తేలిక పనులన్నీ అయ్యాయి, కష్టమైనది మిగిలిందని. "అయిపోయింది" అంటే నా మటుకు నేను దాని మొహం మళ్ళీ చూడదల్చుకోలేదని :) పండక్కి బట్టలు కుట్టడానికిచ్చిన ప్రతివాళ్ళకీ ఈ మెట్లన్నీ తెలుసు. "అయిపోయిందండీ, కాజాలు తియ్యడమే తరవాయి" అంటాడు టైలరు. బొత్తాం పెట్టుకోవడానికి వీల్లేని చొక్కా అతని లెక్కలో అయిపోయినట్టే, మన లెక్కలో కానట్టే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మా నాన్న 2006లో కాకినాడలో ఇల్లు కట్టించారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాక మేస్త్రిని "అప్పటికి అయిపోతుందా?" అని అడిగితే, "అయిపోద్దండి, అయినట్టేనండి బాబు. ఇంక చిన్న చిన్న పనులేనండి" అన్నాడు. ఆ ముహూర్తం దాటితే మళ్ళీ మూడు నెలలదాకా మంచిరోజు లేదన్నారు పంతులుగారు. సరే, ఆవునీ దూడనీ తీసుకొచ్చి, పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసుకుని, రెండొందలమందికి భోజనాలు పెట్టాం. వచ్చినవాళ్ళంతా ఇల్లు బ్రహ్మాండంగా ఉందన్నారు. మర్నాడు పొద్దున్నే చాపలూ గిన్నెలూ సర్దుకుని మళ్ళీ అద్దింటికి వెళ్ళిపోయాం. ఎందుకంటే మేడమెట్లకి రెయిలింగు లేదు, బాత్రూముల్లో కుళాయిలు బిగించలేదు, మోటారుకి కరెంటు రాలేదు. ఆ చిన్న చిన్న పనులకి నాలుగున్నర నెలలు పట్టింది. ఆ నాలుగున్నర నెలలూ అద్దె ఎవరు కట్టారు? మేస్త్రి కాదు కదా, మా నాన్నే కట్టారు.

ఇప్పుడు ఆలోచిస్తే మేస్త్రిని అనడానికేం లేదు. గోడలు లేపి, స్లాబు వేసి, ప్లాస్టరింగు చెయ్యడం అతని పని. అది నిజంగానే అయిపోయింది. కుళాయిలు ప్లంబరువి, రెయిలింగు వెల్డింగువాడిది, మీటరు కరెంటాఫీసువాళ్ళది. ఎవరి పని వాళ్ళకి అయిపోయింది. ఇల్లు మాత్రం అవలేదు. అసలు "ఇల్లు అవడం" అంటే ఏమిటో మొదటిరోజు కూర్చుని ఎవరూ మాట్లాడుకోలేదు. కట్టుబడి చదరపడుగుకి ఎంతో మాట్లాడుకున్నాం, ఎప్పటికో మాట్లాడుకున్నాం, ఏది ఎలా ఉంటే అయినట్టో మాత్రం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ఆఫీసులో ప్రతి స్ప్రింటు డెమోలోనూ నాకు ఆ గృహప్రవేశమే గుర్తొచ్చేది. పాలు పొంగడానికి ఎంత కావాలో అంతే కట్టి ఉంటుంది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్తారు. మర్నాడు మనం మళ్ళీ అద్దింట్లో.

ఇక మా వృత్తి సంగతికొద్దాం. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనేచోట 17 మంది సాఫ్ట్‌వేర్ మనుషులు కూర్చుని "ఎజైల్ మానిఫెస్టో" అని ఒకటి రాశారు. దాని వెంబడి పన్నెండు సూత్రాలు కూడా రాశారు. అందులో ఒకదాని సారాంశం ఏంటంటే, పని ఎంతదాకా వచ్చిందో చెప్పడానికి అసలైన కొలబద్ద పనిచేసే సాఫ్ట్‌వేరే అని. అంతకుముందు పెద్ద ప్రాజెక్టుల్లో ఒక్కో దశ చివరా ఇంత లావు డాక్యుమెంటు మీద సంతకాలు పెట్టేవాళ్ళు. సంతకం పడితే ఆ దశ అయిపోయినట్టు. సాఫ్ట్‌వేరు పుట్టకముందే సగం ప్రాజెక్టు "అయిపోయేది". అలాంటి కాగితాల లెక్కలతో విసిగిపోయినవాళ్ళ మాట అది. న్యాయమైన మాటే.

కానీ అక్కడో చిక్కుంది. "పనిచేసే" అంటే ఎవరి దగ్గర పనిచేసే? నా ల్యాప్‌టాప్‌లోనా? టెస్టు సర్వర్లోనా? శనివారం రాత్రి ఒకేసారి వెయ్యిమంది వచ్చిపడినప్పుడు ప్రొడక్షన్లోనా? పాత పద్ధతిలో ఈ ప్రశ్న ఏడాదికోసారి వచ్చేది. ఎజైల్ వచ్చాక రెండు వారాలకోసారి, ప్రతి కార్డుకీ వస్తోంది. అడిగే అవకాశాలు పెరిగాయి గానీ అడగడం పెరగలేదు.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేం కాదు. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్" పుస్తకంలోనే రాశాడు, ప్రోగ్రాము రాసే కాలంలో సగంపాటు అది "90 శాతం పూర్తయింది" అనే స్థితిలోనే ఉంటుందని. అందుకే మైలురాయి అనేది కత్తి అంచులా ఖచ్చితంగా ఉండాలన్నాడు. అంటే అయిందా లేదా అన్న ప్రశ్నకి అవును, కాదు తప్ప మూడో జవాబు ఉండకూడదని. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ పేరు మీద ఇంకో మాట ప్రచారంలో ఉంది, 1985లో జాన్ బెంట్లీ తన శీర్షికలో దాన్ని పదిమందికీ తెలిసేలా చేశాడు. మొదటి 90 శాతం కోడుకి 90 శాతం సమయం పడుతుందట, మిగిలిన 10 శాతం కోడుకి మరో 90 శాతం పడుతుందట. కూడితే 180. లెక్క తప్పని నవ్వుకునేవాళ్ళు ఇంకా ప్రాజెక్టు చెయ్యలేదని అర్థం.

సరే, ఉపోద్ఘాతం అయిపోయింది (నిజంగానే). ఇప్పుడు అసలు సంగతి.

2013లో మేం ఒక క్లయింటుకి ఆన్‌లైన్ బుకింగు సైటు చేస్తున్నాం. నేను అందులో సీనియర్ డెవలపర్ని. ఆ స్ప్రింటులో నా కార్డు రీఫండు. కస్టమరు బుకింగు రద్దు చేసుకుంటే, మన సైటు పేమెంట్ గేట్‌వేకి కబురు పంపి డబ్బులు వెనక్కి ఇప్పించాలి. నాలుగు రోజుల్లో రాసేశాను. గేట్‌వేవాళ్ళు పరీక్షల కోసం ఇచ్చే ఉత్తుత్తి ఖాతాతో చూశాను, చక్కగా పనిచేసింది.

ఒక్క విషయం మాత్రం తెలుసు నాకు. గేట్‌వే జవాబు ఇవ్వడం ఆలస్యమైతే నా కోడు ముప్ఫై సెకన్లు చూసి మళ్ళీ అదే కబురు పంపుతుంది. మొదటి కబురు నిజానికి చేరిందో లేదో దానికి తెలీదు. చేరి, డబ్బు వెళ్ళిపోయి, జవాబు మాత్రమే ఆలస్యమైతే? రెండోసారి కూడా డబ్బు వెళ్తుంది. దీనికి మందు అందరికీ తెలిసిందే. ప్రతి రీఫండుకీ విడిగా ఒక గుర్తింపు సంఖ్య పెట్టి పంపితే, అదే సంఖ్య రెండోసారి వచ్చినప్పుడు అవతలివాళ్ళు "ఇది ఇచ్చేశాం" అని ఊరుకుంటారు. అది చెయ్యడానికి ఇంకో రోజున్నర పడుతుంది. ఆవేళ గురువారం. శుక్రవారం డెమో. నేను కోడులో ఆ చోట "ఇది తర్వాత చెయ్యాలి" అని ఒక లైను కామెంటు రాసి, కార్డుని డెవలప్‌మెంటు గడి నుంచి టెస్టింగు గడిలోకి జరిపేశాను. స్టాండప్‌లో "అయిపోయింది" అన్నాను. ఈసారి "ఇంక కొంచెం ఉంది" అని కూడా అనలేదు.

మా టెస్టరు అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయిన అమ్మాయి. కార్డు మీద ఏం రాసుందో అదంతా పరీక్షించింది. బుకింగు రద్దు చేసింది, డబ్బు వెనక్కొచ్చింది. సగం రద్దు చేసింది, సగం డబ్బొచ్చింది. గడువు దాటాక రద్దు చేసింది, రాలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కార్డుని చివరి గడిలోకి జరిపింది. డెమోలో క్లయింటువాళ్ళు బాగుందన్నారు. పాలు పొంగాయి.

మూడు వారాల తర్వాత ఒక శనివారం రాత్రి గేట్‌వే నెమ్మదించింది. సోమవారం పొద్దున్న లెక్క చూస్తే అరవైమందికి పైగా రెండేసి సార్లు డబ్బు వెళ్ళిపోయింది. కొందరికి మూడేసి సార్లు కూడా. ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అంతకంటే కష్టం ఆ మధ్యాహ్నం కాన్ఫరెన్స్ కాల్లో కూర్చోవడం. క్లయింటు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది టెస్టింగులో ఎందుకు దొరకలేదు?" మా మేనేజరు ఆ అమ్మాయి వైపు చూశాడు. బోర్డు మీద కార్డుని చివరి గడిలోకి జరిపింది ఆమే కదా. ఆమె ఒక్క నిమిషం ఆగి, "ఈ కేసు నేను ఆలోచించలేదండీ" అంది.

నేను ఆలోచించాను. ఆలోచించి, కామెంటు కూడా రాసిపెట్టాను. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. నోరు తెరవలేదు.

సాయంత్రం కాంటీన్లో కనిపించి మామూలుగానే అంది, "మీరు అయిపోయిందన్నారు కదండీ, అందుకని లోపల ఇంకేమైనా మిగిలుందేమోనని అడగలేదు." నిష్ఠూరంగా అన్నా బావుండేది. ఆ ఏడు అప్రైజల్లో ఆమెకి తక్కువ రేటింగు వచ్చింది. బెల్ కర్వులో ఎవరో ఒకళ్ళు కింద ఉండాలి, కారణం దొరికింది. కొన్ని నెలలకి ఆమె ఉద్యోగం మారిపోయింది. అదే కారణమని నేననుకోను గానీ, కాదని కూడా ధైర్యంగా అనలేను. రేటింగులు వచ్చిన వారానికి, చాలా ఆలస్యంగా, మేనేజరు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విన్నాడు. "అయిపోయింది కదా, ఇప్పుడెందుకు, వదిలెయ్" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకర్థమైంది ఒకటే. "అయిపోయింది" అన్నంత మాత్రాన మిగిలిన పని ఎక్కడికీ పోదు. నా గడిలోంచి ఇంకొకరి గడిలోకి పోతుంది, అంతే. ఆ ఇంకొకరికి అది వచ్చినట్టు కూడా తెలీదు. మా నాన్నకి కనీసం అద్దె కడుతున్నానని తెలుసు.

ఆ తర్వాతి ఏడాది ఇంకో ప్రాజెక్టులో నేను లీడ్‌ని. మొదటి స్ప్రింటు మొదలవక ముందే టీం మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను, "ఒక కార్డు ఏ స్థితిలో ఉంటే మనం అయిపోయింది అనొచ్చు?" ఎజైల్ భాషలో దీన్ని "డెఫినిషన్ ఆఫ్ డన్" అంటారు. డెవలపర్లు నలుగురు, టెస్టర్లు ఇద్దరు, సర్వర్లు చూసే కుర్రాడొకడు, ఫోన్లో అమెరికా నుంచి ప్రొడక్ట్ ఓనరు. అరగంటలో తేలిపోతుందనుకున్నాను. రెండు పూటలు పట్టింది.

డెవలపర్లకి కోడు రాసి, ఇంకొకరు చదివి సరేనంటే అయిపోయినట్టు. టెస్టర్లకి వాళ్ళ కేసులన్నీ దాటితే అయిపోయినట్టు. ప్రొడక్ట్ ఓనరుకి ఆవిడ స్వయంగా చూస్తే గానీ అయినట్టు కాదు. సర్వర్ల కుర్రాడు చివరిదాకా ఊరుకుని, "మీకు అయిపోయిన రోజునే నాకు మొదలవుద్దన్నా" అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

గోడ మీద రాసుకుంటూ పోతే మొత్తం 23 అంశాలు తేలాయి. వాటిలో కొన్ని మరీ ఆశకి పోయి రాసినవి. వాటిని వడబోయడానికి ఒక్క నియమం పెట్టుకున్నాం. ప్రతి కార్డుకీ, ఈ రెండు వారాల్లోనే, తప్పకుండా చెయ్యగలిగినవే ఉండాలి. పెద్ద లోడు పరీక్షలూ, సెక్యూరిటీ ఆడిటూ అలా కుదరవు. వాటిని రిలీజు ముందు చేసే విడి జాబితాలో పెట్టి, "ఇవి ఇంకా అవలేదు" అని ప్రతి డెమోలోనూ పైకి చెప్పాలనుకున్నాం. చివరికి ఏడు మిగిలాయి:

1. కోడు రాసినవాళ్ళు కాక ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి.
2. ఆటోమేటిక్ టెస్టులు అందరూ వాడే బ్రాంచిలో దాటాలి, నా మెషీన్లో కాదు.
3. బయటి సర్వీసు దేన్ని పిలిచినా, జవాబు రాకపోతే, ఆలస్యంగా వస్తే, రెండుసార్లు వస్తే ఏమవుతుందో చూసి ఉండాలి.
4. ప్రొడక్షన్‌ని పోలిన సర్వర్లో, చేత్తో కాకుండా మామూలు పైప్‌లైను ద్వారానే ఎక్కించి ఉండాలి.
5. ఏదైనా తేడా వస్తే రాత్రి డ్యూటీ మనిషికి తెలిసే ఏర్పాటు ఉండాలి, ఏం చెయ్యాలో నాలుగు లైన్లు రాసి ఉండాలి.
6. "తర్వాత చెయ్యాలి" అనే కామెంటు ఉంటే దానికి బోర్డు మీద ఒక కార్డు ఉండాలి, ఆ సంగతి ప్రొడక్ట్ ఓనరుకి తెలిసి ఉండాలి.
7. ప్రొడక్ట్ ఓనరు తన చేత్తో వాడి చూసి సరే అనాలి.

మూడోదీ ఆరోదీ నేనెందుకు పట్టుబట్టి రాయించానో మీకు తెలుసు, వాళ్ళకి తెలీదు.

ఇక్కడొక తేడా చెప్పాలి, చాలామంది కలిపేస్తుంటారు కాబట్టి. ఒక్కో కార్డుకి ప్రత్యేకంగా ఉండే షరతులు వేరు, వాటిని యాక్సెప్టెన్స్ క్రైటీరియా అంటారు. "గడువు దాటాక రద్దు చేస్తే డబ్బు రాకూడదు" అనేది రీఫండు కార్డు షరతు. డెఫినిషన్ ఆఫ్ డన్ అన్ని కార్డులకీ ఒకటే. పులిహోరలో పులుపు సరిపోయిందా అనేది మొదటి రకం. వంటేదైనా సరే, ఉడికిందా, వడ్డించే గిన్నెలోకి తీశామా, స్టవ్వు కట్టేశామా అనేవి రెండో రకం. మా టెస్టరు మొదటి రకమంతా చూసింది. రెండో రకం మా టీంలో ఎవరి బుర్రలో వాళ్ళకి వేరుగా ఉంది.

ఏడో అంశంతో ఓ ఇబ్బంది వచ్చింది. మనకి పొద్దున్నయితే ఆవిడకి రాత్రి. మేం గురువారం సాయంత్రం పూర్తి చేస్తే ఆవిడ చూసేసరికి మనకి శుక్రవారం. స్ప్రింటు ఆఖరి రోజు పూర్తయినవేవీ "అయిపోయినవి" కావు. అందుకని ఆవిడ ఏ కార్డైనా ఒక్క రోజులో చూస్తానని మాటిచ్చారు, మేం ఆఖరి రెండు రోజుల్లో కొత్త కార్డు మొదలుపెట్టమని మాటిచ్చాం. ఒప్పందం అన్నాక రెండువైపులా ఉండాలి కదా.

మొదటి స్ప్రింటు అయ్యాక వెలాసిటీ లెక్క కట్టాం. అంటే ఎన్ని పాయింట్ల పని పూర్తయిందని. మాలో చాలామంది ముందు ప్రాజెక్టులోనూ కలిసి పనిచేసినవాళ్ళే, అక్కడ సుమారు 38 వచ్చేవి. ఇక్కడ 21. పై మేనేజరుకి కోపమొచ్చింది. "అదే మనుషులు, అదే జీతాలు, పని సగానికి ఎలా పడిపోయింది?" అన్నాడు. ఎనభై శాతం అయిన ఎనిమిది పాయింట్ల కార్డుకి కనీసం ఆరు పాయింట్లైనా ఎందుకు కలపకూడదని అడిగాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ ఎనభై ఎవరు కొలిచారు? బ్రూక్స్ చెప్పిన 90 శాతం అదే కదా. అందుకే ఒప్పుకోలేదు. అయితే ఎనిమిది, కాకపోతే సున్నా.

ఆయనకి పాత ప్రాజెక్టు లెక్కలు తీసి చూపించాను. 38 పాయింట్లు "అయిపోయిన" ప్రతి స్ప్రింటు తర్వాతా, దాని తాలూకు బగ్గులని వేరే పేరుతో ఇంకో పది పదిహేను కార్డులుండేవి. రిలీజుకి ముందు ఏకంగా రెండు స్ప్రింట్లు "గట్టిపరిచే స్ప్రింట్లు" అని పెట్టుకునేవాళ్ళం. గట్టిపరచడం ఏంటి, ముందు మెత్తగా ఎందుకు కట్టాం? కాలక్రమేణా మా కొత్త అంకె 30 దాకా పాకింది. 38కి ఎప్పుడూ చేరలేదు. ఆ 38 ఎప్పుడూ నిజం కాదు, కాబట్టి చేరనక్కర్లేదు కూడా.

ఇదంతా చదివి జాబితా రాసుకుంటే కష్టాలు తీరిపోతాయనుకునేరు. ఆరు నెలలయ్యేసరికి మావాళ్ళు ఏడు గళ్ళలోనూ కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టడం మొదలెట్టారు. కోడు చదవాల్సిన మనిషి రెండు నిమిషాల్లో "బావుంది" అని రాసేసేవాడు, నాలుగు వందల లైన్లున్నా సరే. అప్పుడు ఇంకో చిన్న అలవాటు కలిపాం. కార్డుని చివరి గడిలోకి జరిపే ముందు, చేసినవాళ్ళు కాకుండా వేరే ఒకరు దాన్ని వాడి చూస్తూ "ఇందులో నువ్వు ఏం చెయ్యలేదు?" అని అడగాలి. ఏం చేశావని అడిగితే అందరం గొప్పగా చెబుతాం. ఏం చెయ్యలేదని ఎదురుగా కూర్చుని అడిగితే దాచడం కష్టం. ఆ గురువారం నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అడగకుండానే చెప్పాల్సింది, అది వేరే సంగతి.

ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి. ఈ ఒప్పందం డెవలపర్ల మెడకి ఉచ్చు అని కొందరంటారు. నా అనుభవంలో వాళ్ళని కాపాడేదీ అదే. ఏడు అంశాలూ, కార్డు మీది షరతులూ పూర్తయ్యాక "ఆ బటను కొంచెం పెద్దది చేసి, ఎక్సెల్ డౌన్‌లోడు కూడా పెట్టేస్తే బావుంటుంది కదా" అని ఎవరైనా అంటే, "తప్పకుండా, కొత్త కార్డు రాయండి" అనే హక్కు వస్తుంది. అలాగే కోడుని చెక్కుతూనే కూర్చునే శిల్పులకీ ఇది అవసరం. ఇంక చాలు, ఇంటికెళ్ళు అని చెప్పేవాళ్ళు లేకపోతే వాళ్ళు ఎప్పటికీ లేవరు.

పెద్దలు కూడా ఈ మాటకి విలువ పెంచుతూ వస్తున్నారు. స్క్రమ్‌కి మూలపురుషులైన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 2010లో మొదట విడుదల చేసిన స్క్రమ్ గైడుని 2020 నవంబరులో మళ్ళీ సవరించినప్పుడు, పూర్తయిన పనికి సంబంధించి టీం ఇచ్చే మాటగా దీన్ని ఖాయం చేశారు. దాని ప్రకారం ఆ నిర్వచనానికి సరిపోని పనిని విడుదల చెయ్యడం సరే, డెమోలో చూపించడం కూడా కుదరదు. తిరిగి బ్యాక్‌లాగులోకి పోవాల్సిందే. అంటే రెయిలింగు లేని ఇంటికి గృహప్రవేశం లేదు. ఎంతమంది పాటిస్తున్నారంటే నన్నడక్కండి.

ఇళ్ళ సంగతిలోనూ కొంత మారింది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పజెప్పాక అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచెయ్యాలి. తాళాలు చేతికిచ్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదని చట్టమే చెబుతోంది. మా వృత్తికి అలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా ఒక గదిలో నలుగురం కూర్చుని ఒకళ్ళకొకళ్ళం ఇచ్చుకునే మాట.

ఈమధ్య ఇంకో మార్పొచ్చింది. కోడు రాసిపెట్టే ఏఐ పరికరాలు వచ్చాయి. నాలుగు రోజులు పట్టిన నా రీఫండు కోడు ఇవాళ నాలుగు నిమిషాల్లో తయారవుతుంది, చూడ్డానికి నాకంటే శుభ్రంగా ఉంటుంది. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు పొద్దున్న తీసుకున్న కార్డుని మధ్యాహ్నానికి "అయిపోయింది" అంటున్నాడు. "గేట్‌వే ఆలస్యం చేస్తే ఏమవుతుంది?" అని అడిగితే "చూసి చెప్తానన్నా" అని వెళ్ళాడు. రెండు రోజులకి వచ్చి చెప్పాడు. రాయడం ఎంత తొందరగా అయితే, అయిందా లేదా అని తేల్చుకునే పని అంతగా మన మీద పడుతుంది.

రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి ఒక కాన్ఫరెన్సులో కనిపించింది. ఇప్పుడొక పెద్ద టీంకి క్వాలిటీ హెడ్డు. పన్నెండేళ్ళ కిందటి కామెంటు గురించి చెప్పి క్షమించమన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు ఆ వారమే తెలుసండీ. బగ్గు ఎక్కడుందో వెతకడానికి కోడు తెరిచాను కదా, మీ కామెంటు కనిపించింది" అంది. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు చెప్తారని చూశాను" అంది.

నాకు ఇంకేం మాట్లాడాలో తెలీలేదు. టీ తాగి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. క్షమాపణ చెప్పేశాను కాబట్టి ఆ పని అయిపోయిందని అనుకోవాలనుంది. కానీ ఆ మాట అనాల్సింది నేను కాదు.